దుమ్మును తూచేదెవరు?

మన పల్నాటి ఇళ్లకు దుమ్ము కొత్తది కాదు. మిరపకాయలు కాటాకెత్తేటప్పుడు దగ్గుతాము, కళ్లంలో కందులు తూర్పారబట్టేటప్పుడు తుమ్ముతాము. సాయంత్రానికి వాకిట్లో కళ్లాపి చల్లి, తలంటు పోసుకుంటే ఆ దుమ్ము వదిలిపోతుంది. ఈ నెల మేము చెప్పదలచినది కళ్లాపికి అణగని దుమ్మును గూర్చి. అది కంటికి కనబడదు, నోటికి తగలదు, ఒంటిమీద మెరవదు. ఊపిరితోపాటు లోపలికి వెళ్లి అక్కడే నిలిచిపోతుంది.

మాది కృష్ణ ఒడ్డున ఉన్న ధరణికోట. ఒకప్పుడు ధాన్యకటకమని పేరుపొందిన చోటు. మా ఊరి చుట్టూ పొలాలే గాని గనులు లేవు. అయినా పొలం చాలని కుటుంబాలు పని ఉన్న చోటికి పోవలసిందే గదా. కొందరు బొగ్గు గనులున్న కొత్తగూడెం, ఇల్లందు వైపు వెళ్లారు. మా చిన్నాన్న మాత్రం నల్లరాయిని కంకర చేసే ఒక క్రషర్‌లో చేరి పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. ముక్కుకు తలగుడ్డ చుట్టుకోవడం తప్ప ఆయనకు వేరే రక్షణ లేదు. దగ్గు పట్టుకుంటే టి.బి. అన్నారు. ఆరు నెలల కోర్సు పూర్తిగా వాడినా ఆయాసం తగ్గలేదు. తరువాత ఒక పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేసేవాడవు?" అని అడిగారు. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అది సిలికోసిస్ అని, రాతిపొడి ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిందని, ఆ మచ్చలను తీసివేసే మందు లేదని ఆయన నెమ్మదిగా చెప్పారు. చిన్నాన్న 2016లో ప్రభువునందు నిద్రించాడు. వైద్యానికి చేసిన అప్పు తీర్చడానికి ఆయన కొడుకు, మా తమ్ముడు, అదే క్రషర్‌లో చేరాడు. ఈ సంగతి వ్రాయడానికి మాకున్న కారణం అదే.

మా బంధువుల్లో ఒక పెదనాన్న బొగ్గు గనిలో మైనింగ్ సర్దారుగా చేసి రిటైరయ్యారు. ఒక క్రిస్మసుకు మా ఇంటికి వచ్చినప్పుడు మా పిన్ని ఆయనను అడిగింది: "బావగారూ, మీ గనుల్లోనూ దుమ్మేగదా. అక్కడ ఏం చేస్తారు?"

ఆయన, "తూస్తారమ్మా" అన్నారు.

"దుమ్మునా?"

"అవును. బంగారం తూచినట్టు."

ఆ రాత్రి ఆయన చెప్పినదీ, తరువాత మేము చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము.

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. అప్పటినుండి ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ బొగ్గు మీద బ్రతికాయి. బొగ్గును కోసినా, పేల్చినా, ఎత్తిపోసినా దుమ్ము లేస్తుంది. పెద్ద నలుసులు నేలమీద పడిపోతాయి, లేదా ముక్కులోను గొంతులోను చిక్కుకొని కళ్లెతో బయటికి వస్తాయి. తలవెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని సన్నని నలుసులు మాత్రం గంటల తరబడి గాలిలో తేలుతూ ఊపిరితిత్తుల చివరి గదుల వరకు పోతాయి. అపాయమంతా వాటితోనే. అందుచేత, "గాలి తేటగానే ఉందిలే" అని కంటితో చూసి చెప్పే మాటకు విలువ లేదు.

కొలిచే పద్ధతి కష్టమైనదేమీ కాదు. కార్మికుని నడుముకు చిన్న పంపు కడతారు. దాని గొట్టం కొనను కాలరు దగ్గర, అంటే అతడు ఊపిరి పీల్చే చోట తగిలిస్తారు. పంపు గాలిని లాగుతుంటే ముందున్న చిన్న గిన్నెలాంటి పరికరం ముతక దుమ్మును వేరుచేస్తుంది, సన్నది వడపోత కాగితం మీద చేరుతుంది. ఆ కాగితాన్ని పనికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి తూస్తారు. పెరిగిన బరువే అతడు పనిచేసిన గాలికి సాక్ష్యం.

మన దేశంలో 1957 నాటి బొగ్గు గనుల నిబంధనల క్రింద చాలాకాలం ఉన్న హద్దు ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాములు. దుమ్ములో సిలికా 5 శాతం దాటితే హద్దు ఇంకా తగ్గుతుంది. 15ను సిలికా శాతంతో భాగించాలి. సిలికా 10 శాతం ఉంటే హద్దు ఒకటిన్నర మిల్లీగ్రాములే. బొగ్గు కంటే రాయి మరింత అపాయమని ఆ లెక్కే చెబుతున్నది. 2017లో ఆ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. ఎనిమిది గంటల కష్టంలో మనిషి సుమారు 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. 3 మిల్లీగ్రాముల చొప్పున లెక్క వేసుకున్నా అది చిటికెడు ఉప్పులో పదోవంతు. అంత కొంచెమే రోజూ చేరి, ఏళ్లు గడిచాక మనిషిని మంచాన పడవేస్తుంది.

ఈ హద్దులు అధికారులకు తమంతట తామే తోచినవి కావు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో 1968 నవంబరులో ఫార్మింగ్టన్ గని పేలి 78 మంది చనిపోయారు. మరుసటి ఫిబ్రవరిలో అక్కడి గని కార్మికులు వేలాదిగా పని ఆపారు. వారు అడిగింది కూలి పెంపు కాదు, బొగ్గు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును జబ్బుగా గుర్తించమని. డాక్టర్లు కొందరు ఊరూరా తిరిగి వారికి బోధపరచారు. ఆ సంవత్సరాంతంలోనే గనుల దుమ్ముకు దేశమంతటికీ హద్దు పెట్టే చట్టం వచ్చింది. 1972 నుండి 2 మిల్లీగ్రాములుగా ఉన్న ఆ హద్దును 2016లో ఒకటిన్నరకు తగ్గించారు.

హద్దు తగ్గించేముందు 2010లో ముసాయిదా ప్రకటించి, పలుచోట్ల బహిరంగ సభలు పెట్టి, ప్రజల అభిప్రాయాలు తీసుకున్నారు. ఎంత దుమ్ము అన్నదానితోపాటు ఎలా కొలవాలి అన్నదీ అక్కడ పెద్ద ప్రశ్నయింది. పాత నియమం ప్రకారం బొగ్గు ఉత్పత్తి సగమే ఉన్న రోజున తూచినా చెల్లేది. 2014లో వచ్చిన కొత్త నియమం, సగటు ఉత్పత్తిలో కనీసం 80 శాతం ఉన్న షిఫ్టులోనే తూచాలన్నది. పని పది గంటలైతే పది గంటలూ తూచాలన్నది. వడపోత కాగితం ప్రయోగశాలకు పోయి తిరిగి వచ్చేవరకు కాచుకోనక్కర లేకుండా, షిఫ్టు జరుగుతుండగానే లెక్క చూపే పరికరాన్ని కార్మికుని ఒంటిమీద పెట్టించింది.

మన చట్టంలోనూ సామాన్యుని మాటకు చోటుంది. 1952 గనుల చట్టం క్రింద నిబంధనలు చేసేముందు ముసాయిదాను గెజెట్‌లో ప్రకటించి, కనీసం మూడు నెలలు గడువిచ్చి, ఆ తరువాతే ఆలోచనకు తీసుకోవాలని ఉండేది. ఆ చట్టం స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడ్ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. ఇక పర్యావరణ అనుమతుల కొరకు 2006 నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ మన పల్నాటివారికి తెలిసినదే. ముప్పై రోజుల ముందు పత్రికలో ప్రకటన రావాలి. కలెక్టరుగారు గాని ఆయన తరఫు అధికారి గాని అధ్యక్షత వహించాలి. చెప్పినవన్నీ వ్రాసుకొని, చివరకు స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి.

2023లో మా తమ్ముడు పనిచేసే క్వారీ విస్తరణకు అటువంటి సభ జరిగింది. మా ఇంటినుండి నలుగురం వెళ్లాము. షామియానా క్రింద మాట్లాడినవారిలో కొందరు ఉద్యోగాలు కావాలన్నారు, కొందరు పేలుళ్లకు గోడలు బీటలిస్తున్నాయన్నారు. రెండూ నిజమే. క్వారీ మూయమని అడగడానికి మేమూ వెళ్లలేదు. మా అప్పు తీరవలసింది ఆ కూలితోనే. మా పిన్ని కొంగు సవరించుకొని మైకు దగ్గరకు వెళ్లింది.

"అయ్యా, దుమ్ము కొలిచామని మీ పుస్తకంలో ఉంది. ఎక్కడ కొలిచారు?"

"ఊరిలోను, ఆఫీసు దగ్గర, గేటు దగ్గర, నాలుగు చోట్లమ్మా."

"నా కొడుకు గేటు దగ్గర పనిచేయడయ్యా. మర నోటి దగ్గర పనిచేస్తాడు. వాడి చొక్కా మీద పెట్టి తూయండి. మర ఆడే రోజున తూయండి. తూచిన లెక్క తెలుగులో వ్రాసి వాడికి చూపండి. వాళ్ల నాన్నకెవరూ తూచలేదు."

సభ కాసేపు నిశ్శబ్దమైపోయింది. అధికారిగారు, "వ్రాసుకున్నామమ్మా" అన్నారు. "చదివి వినిపించండి" అని పిన్ని అక్కడే నిలబడింది. చదివారు. అందులో గేటు మాట ఉంది గాని మర మాట లేదు. అదీ చేర్పించిన తరువాతనే ఆమె వచ్చి కూర్చున్నది.

కొన్ని నెలలకు మా తమ్ముడి నడుముకు ఒకరోజు పంపు కట్టారు. మర నోటి దగ్గర నీళ్లు చిమ్మే గొట్టాలు కూడా బిగించారు. అయితే తూచిన లెక్క ఎంతో ఈ వ్యాసం వ్రాసేనాటికి వాడికి చూపలేదు. వాడు అడుగుతూనే ఉన్నాడు, మేము వాడి వెనుక ఉన్నాము.

కాబట్టి గని పని, క్వారీ పని, సున్నపు బట్టీ పని చేసేవారున్న ప్రతి కుటుంబానికి మా మనవి ఇది. దుమ్ము కొలిచామని ఎవరైనా చెబితే అయిదు మాటలు అడగండి. ఎక్కడ కొలిచారు? పని ముమ్మరంగా ఉన్న రోజునా, మర ఆగిన రోజునా? షిఫ్టంతా కొలిచారా, గంటసేపేనా? అందులో సిలికా ఎంత? ఆ లెక్క పనివానికి చూపారా? దగ్గుతో డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, ఆయన అడిగినా అడగకపోయినా, ఏ పని ఎన్నేళ్లు చేశారో ముందే చెప్పండి. ఎక్స్‌రే ఫిలింలు పారవేయకుండా దాచుకోండి.

సంతలో కూరలవాడు తక్కెడ వంచితే మన తల్లులు ఊరుకోరు. పావుకిలో వంకాయల కొరకు గట్టిగా అడిగేవారము, మన పిల్లల ఊపిరి కొరకు అడగడానికి ఎందుకు జంకాలి? మీ మండలంలో అటువంటి సభ జరిగినప్పుడు ఆ పూట కూలి పోయినా సరే వెళ్లండి. చెప్పిన మాట వ్రాసేవరకు, వ్రాసినది చదివేవరకు అక్కడే ఉండండి.