రెండవ బంతి

ఉద్యోగ విరమణానంతరము నాకు పరిచయమైన కొత్త విద్య సాఫ్ట్‌బాల్ ఆట. ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు తన పాఠశాల జట్టులో పిచ్చరు. అనగా, బ్యాటు పట్టినవారికి బంతి విసరు క్రీడాకారిణి. తిన్నగా, వేగముగా విసరు బంతి ఆమెకు బాగుగా వచ్చెను. కొంతకాలము ఆ యొక్క బంతితోనే గెలిచెను. పిమ్మట ప్రత్యర్థులు దానికి అలవాటుపడి, అవలీలగా కొట్టసాగిరి.

“తాతయ్యా, ఇక రైజ్ బంతి నేర్చుకొందును” అని ఆమె యొకనాడు పలికెను. ఎదుటివారి ఛాతీవఱకు ఎగసివచ్చునట్లు తోచు ఆ బంతి చూచుటకు సొగసైనదే. కాని దానికి వెనుకకు తిరుగు సుడి మిక్కిలి వేగముగా నుండవలెను. మణికట్టునకును వ్రేళ్లకును ఆ బలము చాలనిచో, బంతి ఎదుటివారికి కొట్టుటకు అనువైన ఎత్తులో తిన్నగా వచ్చును.

అందుచేత నేనొక లెక్క చెప్పితిని. స్త్రీల పోటీలలో బంతి విసరు చోటునకును హోమ్ ప్లేటునకును నడుమ దూరము 43 అడుగులు. గంటకు 48 మైళ్ల వేగముగల బంతి ఆ దూరమును సుమారు 0.6 సెకనులో దాటును. 36 మైళ్ల వేగముగల బంతికి సుమారు 0.8 సెకను పట్టును. భేదము సెకనులో అయిదవ వంతే! అయినను, చేయి మునుపటి వేగముతోనే తిరిగి, బంతి మాత్రము నెమ్మదిగా వచ్చెనేని, బ్యాటు ముందుగనే గాలిని కొట్టిపోవును. ఈ బంతిని ఛేంజప్ అందురు. బంతిని అరచేతిలో లోతుగా పట్టుట దీనికొక ఉపాయము. చేయి నెమ్మదించినచో గుట్టు బయటపడును. కష్టమంతయు అక్కడనే యున్నది.

“నెమ్మదిగా విసరినచో అందఱు నవ్వరా?” అని ఆమె అడిగెను.

“నవ్వనిమ్ము. బ్యాటునకు బంతి తగులనినాడు ఆ నవ్వు తానే ఆగును” అంటిని.

ఆమె మఱియొక మాట తెచ్చెను. 2008వ సంవత్సరపు బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో జపాను పిచ్చరు యుకికో ఉఎనో రెండు దినములలో మూడు ఆటలాడి, 413 బంతులు విసరి, తన దేశమునకు స్వర్ణపతకము సాధించిపెట్టెను. నిజమే. కాని అప్పటికామె వయస్సు 26 సంవత్సరములు. ఎదుగుచున్న పిల్లల ఎముకలకు అది కొలత గాదు. చేయి క్రిందినుండి త్రిప్పి విసరుటచే భుజమునకు శ్రమ యుండదనుట పొరపాటు.

నిర్ణయమును ఆమెకును వ్యాయామోపాధ్యాయునకును విడిచితిని. వారిరువురును ఆలోచించి, మొదట ఛేంజప్, పిదప భూమ్యాకర్షణ తోడ్పాటుతో క్రిందికి దిగు డ్రాప్ బంతి, దేహము బలపడిన తరువాతనే రైజ్ అని క్రమ మేర్పఱచుకొనిరి.

బాలబాలికలారా! కొత్త విద్య నేర్వబోవునపుడు “ఇది ఎంత గొప్పది?” అని మాత్రమే అడుగకుడు. “నాకు వచ్చినదానికి ఇది ఏ బలము చేకూర్చును?” అనియు అడుగుడు. నెమ్మది బంతి వెంట నున్నప్పుడే వేగపు బంతికి మరల పదును వచ్చును.