మంజీర నీళ్ళ వెంట

మా ఇంటి గోడ మీది క్యాలెండరులో ఒక నెల బొమ్మ విదేశపు సరస్సుది. నీలపు నీళ్ళు, వాటి మీద తెల్లని తెరచాపలు, ఒడ్డున ఒక పాత కోట. నెల గడిచినా పిల్లలు ఆ కాగితం తిప్పనివ్వలేదు. “సెలవులకు ఇట్లాంటి చోటికి పోదాం” అని పట్టుబట్టారు. న్యాల్‌కల్‌లో ఉండి కొద్దిపాటి నల్లరేగడి భూమి మీద బ్రతికే మాకు అంత స్తోమత ఎక్కడిది అని నవ్వి ఊరుకోబోయాము. కాని ఆ రాత్రి భోజనాల దగ్గర లెక్క వేసి చూస్తే సరస్సు, తెరచాప, కోట – మూడూ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి! వాటిని కలిపే దారం మన మంజీర నది.

మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా కొండల్లో పుట్టి, లాతూరు, బీదరు మీదుగా మన వైపు వస్తుంది. సంగారెడ్డి దగ్గర ఏమనుకుంటుందో గాని దారి మార్చి ఉత్తరానికి మళ్ళి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. పొడవు 724 కిలోమీటర్లు. ఆ మలుపుకు అటూ ఇటూ మనుషులు కట్టలు కట్టి దానిని ఆపిన చోట్లే మన సరస్సులు. దేవుడు చేసిన సరస్సులు కావు, మనుషుల చేతులతో అయినవి. అందుకే ఒక్కొక్క దాని వెనుక ఒక చరిత్ర ఉంది.

కోట మాట ముందు తేల్చుకున్నాము. బీదరు మాకు పట్నం వంటిదే. సంతకు, ఆసుపత్రికి ఎన్నోసార్లు పోయాము. కోట ముందు నుండి బస్సులో పోవడమే గాని లోపలికి తీరికగా పోయింది లేదు. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుండి రాజధానిని అక్కడికి మార్చినది 15వ శతాబ్దంలో. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా సగం కూలినా, మిగిలిన మీనారు మీద రంగుల పెంకులు ఇంకా కనబడతాయి. పిల్లలకు మాత్రం నౌబాద్‌లోని కరేజ్ గురించి చెప్పాము. నేల లోపల సొరంగం తవ్వి, నడుమ నడుమ బావుల వంటి మోరీలు పెట్టి, ఊట నీటిని వాలు మీద ఊరి దాకా నడిపించిన ఏర్పాటు అది. మోటారు లేదు, కరెంటు లేదు. మన బోర్లు ఎండే ప్రతి వేసవిలో తలచుకోవలసిన సంగతి.

తరువాత సింగూరు మాట వచ్చింది. 1980లలో కట్టిన ప్రాజెక్టు, దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. హైదరాబాదుకు తాగునీరు అక్కడి నుండే పోయేది. వానాకాలం తరువాత చూస్తే ఆవలి ఒడ్డు కనబడదు. “అక్కడ పుట్టిలో తిరగవచ్చా?” అని చిన్నవాడు అడిగాడు. అంతవరకు ఒక మూల కందులు ఏరుతూ కూర్చున్న మా అవ్వ చేట పక్కన పెట్టింది.

“మీరు తిరుగుతమంటున్న నీళ్ళ కింద మా ఊరుండె బిడ్డా. మా అమ్మను అక్కడనే బొంద పెట్టినం.”

ఆ మాట మాకు కొత్త కాదు. ప్రాజెక్టు నీటిలో ఎన్నో ఊళ్ళు మునిగాయి. అవ్వ పుట్టిన ఊరు వాటిలో ఒకటి. కాని మేము తలవంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. 2015, 2016 కరువులో సింగూరు ఎండిపోయింది. హైదరాబాదుకు అక్కడి నీరు ఆగింది. మునిగిన ఊళ్ళవారు కొందరు పోయి పాత గోడల రాళ్ళు, బావి గడ్డలు చూసి వచ్చారు. అవ్వ కూడా అడిగింది. “ఒక్కసారి తోల్కపోండ్రి, అమ్మ బొంద ఎక్కడుందో గుర్తు పడత” అన్నది. ఆ ఏడు పశువులకు మేత లేదు, అప్పు తీర్చే గడువు దగ్గర పడింది. వచ్చే వారం, వచ్చే వారం అంటూ గడిపాము. సెప్టెంబరులో పెద్ద వానలు పడి సింగూరు నిండింది. ఊరంతా సంతోషించింది, మేమూ సంతోషించాము. అవ్వ మాత్రం ఆనాడు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే మమ్మల్ని ఇన్నాళ్ళూ కుట్టింది.

కనుక ఈ ప్రయాణంలో మాకు పెద్ద చిక్కు వచ్చి పడింది. పడవకు, పక్షులకు, కంటికి నిండుగా కనబడే సరస్సుకు డిసెంబరు, జనవరి నెలలే మంచివి. పంట ఇంటికి వచ్చి ఉంటుంది, ఎండ ఉండదు, పిల్లలకు సెలవులు. అవ్వకేమో నీళ్ళు తగ్గిన వేసవి కావాలి. నీరు ఎంత తగ్గితే ఆమెకు అంత దగ్గర. అయితే సింగూరు ప్రతి ఏడూ ఎండదు, ఎండాలని కోరుకోవడం ఏ రైతుకూ నోరు రాని మాట. మా మండలంలోనే నిమ్జ్ కోసం భూములిచ్చిన ఊళ్ళను చూస్తున్నాము గనుక, ఊరు పోవడమంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పవలసిన పని లేకపోయింది. ఇద్దరూ పుట్టి మాట మళ్ళీ ఎత్తలేదు.

మిగిలిన దారి త్వరగానే కుదిరింది. సింగూరు నుండి జోగిపేట మీదుగా మెదక్. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మహాదేవాలయాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని ఆ కట్టడం చేపట్టారు. గోపురం ఎత్తు 173 అడుగులు. రంగు అద్దాల కిటికీలు పగటి వెలుగులోనే చూడాలి. బయటి వెలుగు ఉంటేనే ఆ బొమ్మలు కనబడతాయి, పొద్దు గూకితే నల్లటి అద్దాలే. క్రిస్మస్ నాడు కాలు పెట్టడానికి చోటుండదు కనుక ఆ రోజు తప్పించి వెళ్ళడం చిన్నపిల్లలున్నవారికి మేలు.

మెదక్‌కు దగ్గరలోనే పోచారం చెరువు. 1916లో మొదలు పెట్టి 1922లో ముగించారు. 2025 ఆగస్టు వరదలో కట్టిననాటి లెక్కకు ఎంతో మించిన నీరు దాని మీదుగా పొర్లినా కట్ట నిలిచింది. ఇంకా ముందుకు పోతే 1923 నుండి 1931 వరకు కట్టిన నిజాంసాగర్. దానిని రూపొందించినవారు ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. మొదట 30 టి.ఎం.సి.ల దాకా పట్టిన జలాశయం ఒండ్రు పేరుకొని 18కి దిగింది. దాని కోసమూ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గుడి, చెరువు, సాగరం – మూడూ ఇంచుమించు ఒకే కాలంలో లేచాయి. ఎందరి చేతులు ఆ రాళ్ళు మోశాయో!

ఇక తెరచాప. దానికి హైదరాబాదే పోవాలి. 1562 ప్రాంతంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన హుస్సేన్‌సాగర్ మీద ఏటా తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. పిల్లల కోసం ఆప్టిమిస్ట్ అనే పడవ ఉంది, పొడవు ఎనిమిది అడుగుల లోపే, ఒక్కరే నడుపుతారు. పేదయిళ్ళ పిల్లలకు నేర్పి పోటీలకు పంపిన క్లబ్బు కూడా అక్కడ ఉంది. “ఎదురుగాలికి పడవ ఎట్లా పోతుంది?” అని పెద్దది అడిగింది. సూటిగా పోదు. ఎత్తు గడ్డ ఎక్కించేటప్పుడు బండిని ఇటొకసారి అటొకసారి ఏటవాలుగా తోలినట్టు, గాలికి అడ్డంగా వంకర తిరుగుతూ ముందుకు పోతుంది. వాసన వచ్చే రోజులుంటాయి, ముక్కు మూసుకోవాలి మరి.

ఒక మాట మాత్రం ఖచ్చితం చేసుకున్నాము. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఏదైనా ఎక్కము. చేపలవారి పుట్టి ఎంత ముద్దుగా కనబడినా అది వారి జీవనం కోసం, మన సరదా కోసం కాదు. మంజీరలో మొసళ్ళూ ఉన్నాయి. సంగారెడ్డి దగ్గర వాటి కోసమే అభయారణ్యం ఉంది.

అవ్వను అడిగాము: ఎండాకాలం దాకా ఆగుదామా అని. చాలాసేపు చేటలో కందులు కదిపింది. “నాకెన్ని ఎండకాలాలున్నయో ఎవరికెరుక. నీళ్ళు నిండుగున్నా సరే, కట్ట మీద నిలబెట్టి మా ఊరు ఏ దిక్కున్నదో చూపియ్యుండ్రి” అన్నది.

కాబట్టి జనవరిలో, సంక్రాంతి సెలవుల మొదటి రోజునే, ముందు సింగూరు. బీదరు కోట తిరుగు ప్రయాణంలో చూస్తాము. జొన్నరొట్టెలు తానే కాలుస్తానని, వెల్లుల్లి కారం ఎవరూ తాకవద్దని అవ్వ ఇప్పటికే చెప్పి ఉంచింది.