సెలవుల్లో పని, చేతిలో పే స్లిప్

అక్టోబర్ సగానికి వచ్చేసరికి మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్న మన పిల్లల దగ్గర్నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ‘అక్కా, నవంబర్‌లో పరీక్షలైపోతాయి. మళ్లీ క్లాసులు ఫిబ్రవరి ఆఖరుకే. ఈలోగా ఎక్కడైనా పని ఉందా?’ అని. ఇక్కడ ఎండాకాలం, క్రిస్మస్, పండ్ల కోతలు, యూనివర్సిటీ సెలవులు అన్నీ ఒక్కసారే వస్తాయి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో పద్నాలుగు రోజులకు 48 గంటలకు మించి పనిచేయకూడదు. నా చదువు రోజుల్లో అది 40 గంటలే. 2023 జూలై 1 నుంచి 48 చేశారు. సెలవుల్లో ఆ పరిమితి ఉండదు. ఫీజుకో, అద్దెకో, ఇంటి దగ్గర బ్యాంకు లోను వాయిదాకో నాలుగు రాళ్లు వెనకేసుకోవాలంటే ఈ వేసవే అదను.

పనులు లేకపోలేదు. పెద్ద షాపులు క్రిస్మస్ రద్దీ కోసం తాత్కాలిక సిబ్బందిని తీసుకుంటాయి. కానీ దరఖాస్తులు సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే పెట్టాలి. పరీక్షలయ్యాక చూద్దామనుకుంటే అప్పటికి చాలా ఖాళీలు నిండిపోతాయి. డిసెంబర్‌లో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో బాక్సింగ్ డే టెస్టు, జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ ఉంటాయి. ఆ రోజుల్లో స్టేడియాల్లో తిండి, పానీయాలు అమ్మే కౌంటర్లకు చాలామంది కావాలి. మద్యం వడ్డించే చోట చేరాలంటే ఆర్ఎస్ఏ సర్టిఫికెట్ ఉండాలి, కాబట్టి ఆ చిన్న కోర్సు ముందే పూర్తిచేసుకోవడం మంచిది. ఇక ఊరు దాటి వెళ్లగలిగితే తోటలున్నాయి.

నేను విద్యార్థినిగా వేసవి పనికి వెళ్లింది షెపర్టన్. మెల్‌బోర్న్ నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటల దూరం. ఆస్ట్రేలియాలో పండే పియర్ పండ్లలో ఎక్కువ భాగం ఆ గోల్బర్న్ వ్యాలీవే. ముందు పీచ్‌లు వస్తాయి. జనవరి ఆఖరు నుంచి పియర్లు, ఆ వెనకే ఆపిళ్లు. తెల్లారగానే పని మొదలయ్యేది. ఛాతీకి సంచి కట్టుకుని, మూడు కాళ్ల నిచ్చెన ఎక్కి కోయాలి. సంచి నిండాక దిగి, అడుగున కొక్కెం తీసి కాయల్ని బిన్‌లోకి మెల్లగా జార్చాలి. ఒక్క బిన్‌కు దాదాపు నాలుగు వందల కిలోలు పడతాయి. ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో మధ్యాహ్నానికే ఆపేసేవాళ్లు.

మాది నూజివీడు వైపు మామిడి తోటలున్న కుటుంబం. చిక్కంతో కాయ కోసేటప్పుడు తొడిమ ఊడకూడదని, ఊడితే సొన కారి కాయ మచ్చపడుతుందని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. పియర్‌నూ తొడిమతోనే కోయాలి. లాగకూడదు. వేలు ఆనించి కాయను పైకి వంచితే దానంతటదే వచ్చేస్తుంది. మా తోటలో కూలీలు చేసే పని ఎంత నేర్పుతో కూడుకున్నదో, సాయంత్రానికి భుజాలు ఎలా లాగేస్తాయో నాకు షెపర్టన్‌లోనే తెలిసింది. మన పిల్లలు చాలామంది ఈ పనుల సంగతి ఇంట్లో చెప్పరు. బీటెక్ చదివి కూలికి వెళ్తున్నాడా అంటారని భయం. అమ్మానాన్నలకు నా మనవి: ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. మీ బిడ్డ ఎక్కడ, ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో మీకు చెప్పుకోగలిగితే సగం ప్రమాదాలు అక్కడే తప్పుతాయి.

ఎందుకంటే ప్రమాదం పనిలో కన్నా, పని ఇప్పించేవాళ్ల దగ్గర ఎక్కువ. నాతోపాటు కోతకు వచ్చిన ఒక అమ్మాయి నిచ్చెన మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టర్ తెలుగువాడే. కూలి నోట్ల రూపంలో ఇచ్చేవాడు. పే స్లిప్ లేదు. ఆమె చేత ఏబీఎన్ (వ్యాపార నంబర్) తీయించాడు, అంటే కాగితాల మీద ఆమె ఉద్యోగి కాదు, సొంత వ్యాపారం చేసుకునే మనిషి. దెబ్బ తగిలాక ఫోన్ ఎత్తడం మానేశాడు. ‘మనవాడే కదా అని నమ్మానే’ అని ఆ పిల్ల ఏడ్చింది. ఆ మాట ఆ తర్వాత ఇంకెందరి నోటో విన్నాను.

అందుకే అడిగిన ప్రతి ఒక్కరికీ ముందు చట్టం చెబుతాను. వీసా ఏదైనా ఇక్కడి ఫెయిర్ వర్క్ చట్టం అందరికీ ఒకటే. పెద్దవాళ్లకు జాతీయ కనీస వేతనాన్ని 2025 జూలై 1న గంటకు 24.95 డాలర్లు చేశారు, క్యాజువల్‌గా చేసేవాళ్లకు దానిమీద 25 శాతం అదనం. తోటల్లో బిన్ లెక్కన కూలి ఇచ్చినా సరే, 2022 ఏప్రిల్ 28 నుంచి గంటకు కనీస వేతనానికి తగ్గకుండా ముట్టాల్సిందే. జీతం ఇచ్చాక ఒక పనిదినంలోపు పే స్లిప్ ఇవ్వాలి. జీతంతోపాటు 12 శాతం సూపర్ (పదవీ విరమణ నిధి) మీ పేరున జమ కావాలి. చదువయ్యాక దేశం వదిలి వెళ్తే పన్ను పోను దాన్ని తీసుకోవచ్చు. టీఎఫ్ఎన్ (పన్ను నంబర్) ఉచితంగా వస్తుంది, దానికి ఎవరికీ డబ్బు కట్టొద్దు. విక్టోరియాలో కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టర్‌కు లైసెన్సు తప్పనిసరి. అతని పేరు లేబర్ హైర్ అథారిటీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

ఉద్యోగానికి డిపాజిట్ అడిగినా, బ్యాంకులో వేసిన జీతంలో కొంత నోట్ల రూపంలో వెనక్కి ఇమ్మన్నా, పండ్ల కోతకు ఏబీఎన్ తీసుకోమన్నా అక్కణ్నుంచి వచ్చేయండి. చేసిన గంటలు రోజూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. క్లాసులున్న రోజుల్లో 48 గంటలు దాటకండి. దాటినవాడి భయమే మోసగాడికి పెట్టుబడి. ‘ఫిర్యాదు చేస్తే నీ వీసాయే పోతుంది’ అని బెదిరించి తక్కువ కూలికి కట్టిపడేస్తాడు. ఒకవేళ ఇప్పటికే ఇరుక్కున్నా నోరు మూసుకుని ఉండొద్దు. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వొచ్చు. వాళ్లతో తెలుగులోనూ మాట్లాడవచ్చు, దుబాసీ సాయం అడిగితే ఉచితంగా ఏర్పాటు చేస్తారు.

చివరగా ఒక మాట, ఇక్కడ స్థిరపడి రెస్టారెంట్లు, గిడ్డంగులు, కాంట్రాక్టులు నడుపుతున్న మనవాళ్లకు. మీరూ ఒకప్పుడు ఇలాగే అప్పు చేసి చదువుకు వచ్చినవాళ్లే. ఊరుగాని ఊర్లో పిల్లలు మన భాష విని మిమ్మల్ని నమ్ముతారు. వాళ్లకు దానం అక్కర్లేదు. చట్టం ప్రకారం కూలి ఇవ్వండి, పే స్లిప్ ఇవ్వండి. అది ఇవ్వలేని వ్యాపారం నడపకండి.