నీటి మీది రాతలు

నిలవని మాటను నీటి మీది రాత అంటాం. మా బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలు నేర్చుకున్న మొదటి రాతలు మాత్రం నీటి గురించినవే, అవి నిలిచాయి. ఆ సంగతులు కొన్ని ఒకచోట రాసిపెట్టాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. చిన్న పిల్లలకు చదువు చెప్పేవారికి ఏమైనా పనికివస్తే సంతోషం.

ఓనమాలు నేర్పే పద్ధతి మనందరికీ తెలిసిందే. ముందు అచ్చులు, తర్వాత హల్లులు, ఆపైన గుణింతాలు, వత్తులు, చిట్టచివర మాటలు. మాటల దాకా వచ్చేసరికి పిల్లవాడికి చదువంటే అర్థం లేని గీతల వరుస అని నమ్మకం కుదిరిపోతుంది. అక్షరం పక్కన వేసే బొమ్మలైనా ఆదుకుంటాయా అంటే, ఋషి, ఐరావతం, ఓడ. మాది కనిగిరి ప్రాంతంలోని మెట్ట పల్లె. మా పిల్లలకు ఓడ ఎదురుపడే అవకాశం లేదు. ఓడ తేలేటన్ని నీళ్ళు చూసే అవకాశం అంతకన్నా లేదు.

నీళ్ళ కథ మా ప్రాంతంలో పాతదే. 1937లో షార్టు అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడు వల్ల వచ్చే ఎముకల జబ్బును వర్ణించారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన మొదటి వైద్య నివేదికల్లో అది ఒకటి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనివే. గ్రానైటు వంటి రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా సర్దుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. దానికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. కాచితే పోదు, నీళ్ళు ఆవిరైపోయిన మేరకు ఇంకాస్త చిక్కబడుతుంది.

ఒకటి, రెండు తరగతులంటే పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చే వయసు. ఆ పళ్ళ మీది పింగాణీ పొర పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా చిగురు కిందే తయారవుతూ ఉంటుంది. ఆ కాలంలో తాగిన నీళ్ళు దాని మీద గుర్తు వేస్తాయి. పసుపు పట్టీలుగా, గోధుమరంగు మచ్చలుగా బయటపడే ఆ గారను ఎంత తోమినా లాభం లేదు.

రెండో తరగతిలో ఒక రోజు పళ్ళ శుభ్రత గురించి చదువుతున్నాం. రోజూ రెండు పూటలా తోముకుంటే పళ్ళు తెల్లగా మెరుస్తాయన్నది సారాంశం. ముందు వరసలో కూర్చునే ఒక అమ్మాయి, కొత్తగా వచ్చిన పళ్ళను చేత్తో మూసుకుని, "సార్, నేను రెండు పూటలా తోముతా. ఐనా పోలా. పుస్తకంలో అబద్ధం రాస్తారా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలా కాలం వెంటాడింది. ఆ అమ్మాయి అడిగింది పళ్ళ గురించి కాదు, అచ్చు అయిన మాటను నమ్మవచ్చునా అని. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం వచ్చిన పిల్లకు, తాను చదివినదీ తన నోట్లో ఉన్నదీ ఒకటి కాదని తేలితే ఆ పిల్ల దేనిని వదులుకుంటుంది? నోటిని వదులుకోలేదు కదా. చదువునే వదులుకుంటుంది.

ఆ మరుసటి ఏడు బడి తెరిచేసరికి నేను పన్నెండు మాటలు ఏరి పెట్టుకున్నాను. నీరు, ఊరు, బావి, బోరు, చెరువు, వాగు, వాన, కుంట, బిందె, చేద, తూము, కలుజు. పిల్లలకు వీటి అర్థం చెప్పనక్కరలేదు. ఇందులో పదమూడు హల్లులు వస్తాయి, సున్న వస్తుంది, తలకట్టు కాక ఎనిమిది రకాల గుణింతపు గుర్తులు వస్తాయి. వాటిని కలిపి, విడదీసి పిల్లలే కొత్త మాటలు కట్టుకుంటారు: మీరు, వారు, నూరు, మాను, తేనె, గోరు. తర్వాత 'తొట్టి' చేర్చితే కొమ్ములు, ఏత్వాలు అయ్యాక ఒత్వం, దానితో పాటు వత్తు కూడా వచ్చి కూర్చుంటాయి. 'నీళ్ళు' సరేసరి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. బ్రెజిల్ దేశంలో పౌలో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ అనే చోట కూలీలకు చదువు నేర్పినప్పుడు, వాళ్ళ బతుకులో బరువున్న మాటలనే ముందు ఏరుకున్నాడు. న్యూజీలాండులో సిల్వియా ఆష్టన్-వార్నర్ మావోరీ పిల్లలకు ఎవరు ఏ మాట అడిగితే ఆ మాటే అట్టముక్క మీద రాసి ఇచ్చేది. ఆమె పుస్తకం 'టీచర్' కూడా 1963లోనే వచ్చింది. ఇద్దరూ చెప్పింది ఒకటే: మనిషికి పట్టింపు ఉన్న మాట త్వరగా కంటికి పట్టుబడుతుంది.

దీర్ఘం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి నేనెన్ని తంటాలు పడ్డా రాని ఫలితం 'చేద' వల్ల వచ్చింది. ఒక పిల్లవాడు ఏత్వానికి దీర్ఘం మరచి, "మా నాయన బావిలో చెద వేశాడు" అని పలక మీద రాశాడు. చెదపురుగును బావిలో వేసిన నాయనను తలచుకుని తరగతంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఆ దీర్ఘం మా బడిలో ఎవరూ మరవలేదు.

మాటలు వచ్చాక వాక్యాలు కావాలి. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా బోర్లించి వానమాపకం చేశాం. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక కొంత మేర నీళ్ళు పోసి, ఆ మట్టాన్ని సున్నాగా గుర్తుపెట్టి, అక్కడినుంచి మిల్లీమీటర్ల పట్టీ అతికించాం. వాతావరణ శాఖవారు ఉదయం ఎనిమిదిన్నరకు కొలత చూస్తారని చెప్పాను. బడికి ఎన్నడూ వేళకు రానివాడొకడు ఆ పని తనకే కావాలని పట్టుపట్టి ఎనిమిదింటికే వచ్చి గేటు దగ్గర నిలబడేవాడు.

రోజూ 'వాన పుస్తకం'లో ఒకరు తేదీ, కొలత, ఒక వాక్యం రాయాలి. మా మెట్టలో ఆ వాక్యం ఏమిటో ఊహించవచ్చు. "ఈ రోజు వాన రాలేదు." మర్నాడూ అదే. పదిహేను రోజులు అదే. దస్తూరి అభ్యాసానికి కరవుకు మించిన గురువు లేదనుకున్నాను. ఆ విసుగులోంచే పిల్లలు రచయితలయ్యారు. ఒకరు "మబ్బు వచ్చింది, వాన రాలేదు" అని రాశారు. మరొకరు "మబ్బు వచ్చింది, గాలి ఎత్తుకుపోయింది" అన్నారు. ఇంకొకరు, "పక్క ఊరికి వచ్చిందంట. మాకు రాలా." నేను దిద్దలేదు. 'రాలా' అన్న మాటలో ఉన్న నిష్ఠూరం 'రాలేదు'లో లేదు. చివరకు ఒక తెల్లవారుజామున 10 మిల్లీమీటర్లు పడితే, పెద్ద తరగతి పిల్లలు లెక్క కట్టారు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. బడి కప్పు నూరు చదరపు మీటర్లనుకుంటే 1000 లీటర్లు. "అన్ని నీళ్ళు పంచలో పడి పోయినయ్యా?" అని నోళ్ళు తెరిచారు. నీరు పల్లమెరుగు అన్న సామెతను ఆ రోజే బడి ఆవరణలో కాలువల వెంట నడిచి చదువుకున్నాం.

ఈ పని పిల్లలదే కాదు. 2000ల్లో మన రాష్ట్రంలోని ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే కార్యక్రమమొకటి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో నడిచింది. అందులో ప్రకాశం కూడా ఉంది. అంతగా చదువుకోని ఆడవాళ్ళు, మగవాళ్ళు బావుల్లో మట్టం కొలిచి, వాన కొలిచి, ఆ అంకెలను ఊరందరికీ కనబడేలా రాసిపెట్టారు. రబీలో ఏ పంట వేయాలో ఆ అంకెలను చూసి మాట్లాడుకున్నారు. శాస్త్రమంటే పట్నంలోని గదిలో తెల్లకోటు వేసుకునేవారి సొత్తు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

పెద్దవాళ్ళను అడిగి రాసుకురమ్మని పిల్లలను పంపినప్పుడు నాకు తెలియని మాటలు కూడా వచ్చాయి. "మీ చిన్నప్పుడు నీళ్ళు యాడ తెచ్చుకునేవాళ్ళు అవ్వా?" అన్న ప్రశ్నకు ఒక అవ్వ, వాగు ఇసుకలో చెలమ తీసి, ముంతతో తోడుకునేవాళ్ళమని చెప్పింది. 'చెలమ' మా వాచకాల్లో ఎక్కడా లేని మాట. ఆ మనవరాలు దాన్ని విన్నది విన్నట్టు రాసుకొచ్చి, కింద తన పరిశీలన జోడించింది: "మా అవ్వకి పళ్ళు నాలుగే. కాని తెల్లగా ఉన్నాయి." ఒక్క అవ్వ పళ్ళతో ఏదీ రుజువు కాదనీ, 1937 నాటికి బోర్లు లేకున్నా జబ్బు ఉందనీ నేను చెప్పాను. ఐతే ఏం చేస్తే రుజువవుతుందన్నారు. అడగవలసిన ప్రశ్న అదే.

కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడొకరు ఫ్లోరైడు పరీక్ష పెట్టె పట్టుకొచ్చారు. అందులోని మందు కలిపితే గులాబీ రంగు వస్తుంది. ఫ్లోరైడు పెరిగేకొద్దీ అది పసుపు వైపు తిరుగుతుంది. నాలుగు సీసాలకు పిల్లలే చీటీలు రాసి అతికించారు: బడి బోరు, గుడి బావి, చెరువు, డబ్బా నీళ్ళు. చీటీలో అక్షరం తప్పితే మార్కు పోదు, నిజమే తారుమారవుతుందని వాళ్ళకు వాళ్ళే అర్థం చేసుకుని ఒకరిది ఒకరు మూడుసార్లు చదివి చూసుకున్నారు. నేనెన్ని కాపీలు రాయించినా ఆ శ్రద్ధ తేలేకపోయేవాణ్ణి.

చెరువు నీళ్ళు, డబ్బా నీళ్ళు గులాబీగానే ఉన్నాయి. గుడి బావి మధ్యరకం. బడి బోరు స్పష్టంగా పసుపు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ చూసినది రాశారు. వెనుకటి ఏడు నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి అప్పటికి మూడో తరగతి. పక్క గదిలోంచి వచ్చి తానూ కూర్చుంది. ఆమె రాసింది రెండే వాక్యాలు: "బోరు నీళ్ళు పసుపు అయినాయి. నా పళ్ళు మాదిరి."

పుస్తకంలో రాయనిది తాను రాయవచ్చునని ఆ అమ్మాయికి ఆ రోజు తెలిసిందనుకుంటాను.

భయపెట్టి వదిలేస్తే అది పాఠం కాదు. "మరి ఏ నీళ్ళు తాగాలి సార్?" అన్నారు. ఊళ్ళో ఒక బోరుకు ఏనాడో తగిలించిన రేకు ఒకటుంది. తుప్పు కింద, "ఈ నీరు త్రాగుటకు పనికిరాదు" అని ఎర్ర అక్షరాలు. చదవడం వచ్చినవాళ్ళకు కూడా ఆ 'త్రాగుట' తమతో మాట్లాడుతున్నట్టు అనిపించదు. పిల్లలు తమ అట్ట తాము రాశారు. "ఈ నీళ్ళు తాగొద్దు. వంట కూడా వద్దు. కాచినా పోదు. బట్టలు ఉతుక్కోవచ్చు." నాలుగు వాక్యాలు, ఒక్క కఠినమైన మాట లేదు. ఆ సాయంత్రం ఇద్దరు ముసలివాళ్ళు తమ మనవళ్ళ చేత అది పైకి చదివించుకోవడం చూశాను.

మధ్యాహ్న భోజనానికి వేరే నీళ్ళు కావాలని పిల్లలు సర్పంచికి ఉత్తరం రాశారు, కొలతల కాగితం జతపరిచి. జవాబు రాలేదు. రెండోది రాశారు. ఆరు నెలలకు బడి వంటకు వేరే నీళ్ళు రావడం మొదలైంది. ఇళ్ళ సంగతి మాత్రం అలాగే ఉంది; ఇరవై లీటర్ల డబ్బా రోజూ కొనగలిగినవారు కొన్నారు, కొనలేనివారు బోరుకే వెళ్ళారు. 1970ల్లో మనవాళ్ళు పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతి రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. పద్ధతి ఉండడం వేరు, ప్రతి వంటింటికీ చేరడం వేరు.

పంతులు అక్షరాలు చెప్పాలి గాని ఊరి నీళ్ళ జోలి ఎందుకని ఒక తండ్రి నాతో వాదించాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఊరికి ఆ బోరు మంచిది కాదని పేరొస్తే పిల్లనిచ్చేవారు వెనుకాడతారన్నది ఆయన బెంగ. నేను ఆయనకు మన నెల్లూరు సంగతే గుర్తుచేశాను. 1991లో మొదలైన అక్షరదీపం తరగతులలో వయోజన స్త్రీలు తమ బతుకు గురించిన పాఠాలు చదివారు. దూబగుంటలో సారా వ్యతిరేకోద్యమం రగిలింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. బతుకు నుంచి విడిపోయిన అక్షరం పరీక్ష దాకా వస్తుంది, ఆపైన రాదు.

ఋకారం, ఙకారం మా పిల్లలు కాస్త ఆలస్యంగా నేర్చారు. ఇద్దరు ముగ్గురు ఏడాది చివరకు కూడా కూడబలుక్కునే చదివారు. నీళ్ళ పాఠాలు మంత్రం కాదు. ఐతే చదవడమెందుకని అడిగినవాళ్ళు మాత్రం ఆ తరగతుల్లో లేరు.

ఎక్కడున్నవారికైనా ఇది చెయ్యడం కష్టం కాదు. బెంగుళూరులో అపార్టుమెంటు ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, విదేశంలో ఇంటి వెనక ఎన్ని మిల్లీమీటర్లు పడిందో ఆరేళ్ళ పిల్లల చేత తెలుగులో ఒక్క వాక్యం రాయించండి. మేము కలుజు అనేదాన్ని కొన్నిచోట్ల అలుగు అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. మీ వైపు ఇంకేమంటారో చెబితే మా పిల్లల మాటల పట్టికలో చేర్చుకుంటాం. పదమూడో మాట కోసం వాళ్ళు ఎదురుచూస్తున్నారు.