దేవ్‌బంద్, అలీగఢ్ నుంచి రెండు ఉత్తరాలు

దేవ్‌బంద్

ఇస్లామీయ విద్యలో తాలీమ్ అనే మాట పక్కనే తర్బియత్ అనే మాట వినిపిస్తుంది. తాలీమ్ అంటే చదువు చెప్పడం, తర్బియత్ అంటే మనిషిని తీర్చిదిద్దడం. చదివింది నమాజులోనూ, నడవడిలోనూ, బేరసారాల్లోనూ కనబడాలి. లేకుంటే ఆ చదువు పూర్తయినట్టు కాదు.

ఇక్కడి దారుల్ ఉలూమ్ మదరసా 1866లో ఛత్తా మసీదులో, దానిమ్మ చెట్టు కింద మొదలైందని చెబుతారు. ఒక గురువు, ఒక విద్యార్థి. ఇద్దరి పేరూ మహమూదే. చివరి ఏడాది చదువంతా హదీసు, అంటే ప్రవక్త మాటల, చేతల కథనాలు. విద్యార్థి అరబ్బీ మూలాన్ని పైకి చదువుతుంటే గురువు వింటూ, కావలసిన చోట ఆపి విడమరుస్తాడు. ప్రతి హదీసుకూ ముందు అది ఎవరి నోట ఎవరు విన్నారో చెప్పే పేర్ల వరస ఉంటుంది. ప్రవక్త దాకా వెళ్లే ఈ వరసే ఇస్నాద్. ఇలా చదివినవాడికి అందినదాన్ని చెడనివ్వకుండా తర్వాతివాడికి అప్పగించడమే మొదటి బాధ్యత అవుతుంది. దీన్ని బట్టీ అని కొట్టిపారేయడం అన్యాయం. ఆ వరసలోని ఒక్కొక్కరి జ్ఞాపకశక్తినీ నిజాయితీనీ తూచి చూడటానికి ప్రత్యేకంగా ఒక శాస్త్రమే ఉంది.

పాఠం పాతదే అయినా బడి నడిపే తీరులో ఇంగ్లీషు బడుల పద్ధతి ఉంది: తరగతులు, ఏటా పరీక్షలు, అచ్చువేసిన నివేదికలు. స్థాపకుల్లో ఒకరైన ముహమ్మద్ ఖాసిం నానౌతవీకి గురువైన మమ్లూక్ అలీ, ప్రభుత్వ ఢిల్లీ కాలేజీలో అరబ్బీ చెప్పినవారే. సర్కారు సొమ్ము మాత్రం నానౌతవీ వద్దన్నారు. ప్రజల చందాలతోనే బడి నడిచింది.

అలీగఢ్

పాశ్చాత్య విద్య లక్ష్యం ఎప్పుడూ ఒకటిగా లేదు. 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం వెనుక జర్మన్ విద్యావేత్త హంబోల్ట్ ఆలోచన ఉంది: జ్ఞానం ఇంకా పూర్తిగా తేలని విషయం, గురువూ శిష్యుడూ కలిసి దాన్ని వెతకాలి. సందేహించడం అక్కడ విద్యార్థి హక్కు. ఈనాటి పాశ్చాత్య విద్యలో స్వయంగా ఆలోచించే పౌరుడు, బతుకుతెరువు అనే లక్ష్యాలు ముందుంటాయి. పరలోకం సంగతి ఎవరికి వారే చూసుకోవాలి. దేవ్‌బంద్‌కూ దీనికీ అసలు తేడా ఇక్కడే.

మతాన్ని ఎవరికి వారికి వదిలేసే ఈ మార్పు ఇంగ్లండ్‌లో ఆలస్యంగా వచ్చింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల్లో మతపరమైన షరతులు చాలావరకు తొలగింది 1871 చట్టంతోనే. ఇక్కడి కాలేజీని స్థాపించిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంగ్లండ్‌లో ఉన్నది 1869–70లో. ఆయన చూసిన కేంబ్రిడ్జిలో ప్రార్థనా మందిరం, భోజనశాల, చదువు ఇంకా ఒకే కప్పు కింద ఉన్నాయి. అలీగఢ్‌లో 1875లో బడి తెరిచి, 1877లో కాలేజీకి శంకుస్థాపన చేయించినప్పుడు ఆయన ఇంగ్లీషు, సైన్సు పాఠాలతో పాటు ఆ సహజీవనాన్నీ తెచ్చారు. హాస్టలు, క్రికెట్, నమాజు, సున్నీలకూ షియాలకూ వేరువేరు మతపాఠాలు. ఆయన సమాధి కూడా ఈ ఆవరణలోని మసీదు పక్కనే ఉంది.

మన ఉస్మానియాలోనూ 1918లో ఇలాంటి ప్రయత్నమే జరిగింది: పాశ్చాత్య శాస్త్రాలు ఉర్దూలో, ముస్లిం విద్యార్థులకు మతబోధ, మిగతావారికి నీతిపాఠం.