ఆయన పెట్టుకున్న పేరు

పాటగాడి ఆత్మకథ చదవటమంటే పెళ్లిభోజనం సంగతి శుభలేఖలో చదువుకోవటమేనని మా జంపనిలో ఒక పెద్దాయన అంటూ ఉంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కవి తన కథ తాను రాసుకుంటే, పద్యం రాసిన చెయ్యే ఆ పనీ చేస్తుంది. పాటగాడి సంగతి అలా కాదు. గొంతు పుస్తకం బయటే ఉండిపోతుంది. లోపలికి వచ్చేది బతుకొక్కటే. ఆ బతుకే మనలను కదలకుండా కూర్చోబెట్టాలి.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలుదారిలో ఉన్న ఊరు మాది. నెలకొక ఆదివారం సాయంకాలం పదిమందిమి చేరి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటాం. దీనికి పేరూ లేదు, చందా లేదు, అధ్యక్షుడు అసలే లేడు. ఎవరి వసారా ఖాళీగా ఉంటే అక్కడే సభ. మినుము నూర్పిళ్ల రోజుల్లో అయిదుగురు వస్తే గొప్ప. మొన్నటి నెల పుస్తకం బుర్రకథ నాజర్‌గారి ఆత్మకథ. ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తిగారు అక్షరరూపం ఇచ్చినది. పేరు ‘పింజారి’.

ఆ పేరు దగ్గరే మొదలయింది చర్చ. ఆ వేళ వసారా ఇచ్చిన పిన్నిగారు పుస్తకం చూడగానే లోపలికి వెళ్లి పాత వార్తాపత్రిక తెచ్చారు. “దీనికి అట్ట వేద్దాం బాబూ. దారిన పోయేవాళ్లు వింటే ఎవరినో తిట్టుకుంటున్నాం అనుకుంటారు” అన్నారు.

ఆమె భయం ఉత్తది కాదు. పింజ అంటే దూదిపింజ. దూది ఏకి, పరుపులు కుట్టి బతికినవారు పింజారులు; దూదేకులవారన్నా వారే. వృత్తిని చెప్పే ఆ మాటను మన నోళ్లు ఎప్పుడో తిట్టుగా మార్చేశాయి. పనికిమాలినవాడు అనటానికి చదువుకున్నవాళ్లు కూడా ఆ మాట వాడటం మనకు తెలియనిది కాదు. తెలుగు పాఠాలు చెప్పే నాకు ఇలాంటి మాటలు ఎదురైనప్పుడల్లా ఒక సంగతి తోస్తుంది: చేతిపని చేసేవాడి పేరును తిట్టు చేసుకున్న భాషలో, ఏ పనీ చేయనివాడి పేరు తిట్టయిన దాఖలా వెతికినా కనపడదు.

ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడు మాలో ఉన్నాడు. గిటారు వాయిస్తాడు. రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ 2010లో వెలువరించిన ‘లైఫ్’ అనే ఆత్మకథ వాడికి ప్రాణం. అదీ సొంతంగా రాసుకున్నది కాదనీ, జేమ్స్ ఫాక్స్ అనే ఆయన తోడుండి రాశాడనీ చెప్పి, “చెప్పిన మాట ఒకరిది, రాసిన చెయ్యి మరొకరిది. అలాంటప్పుడు ఆత్మకథ ఎవరిదండీ?” అని అడిగాడు.

పెద్దాయన నవ్వారు. “బుర్రకథ ఒక్కడే చెప్తాడట్రా? కథకుడికి అటొకరు, ఇటొకరు వంత. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. అయినా కథ కథకుడిదే.”

కుర్రవాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోవటమే కాదు, పోలికను తానే ఇంకొంచెం ముందుకు తీసుకుపోయాడు. 1962లో లండనులో పుట్టిన ఆ బృందం తన పేరును మడ్డీ వాటర్స్ అనే అమెరికా నల్లజాతి గాయకుడి పాటనుంచి తీసుకున్నదట. బీదవాళ్లు పాడుకున్న పాటే సముద్రం దాటి లోకాన్ని ఊపిందన్నమాట. మన బుర్రకథ కూడా ఊరూరా తిరిగే జంగాలు చెప్పిన కథలోనుంచి వచ్చినదే. తంబురా, అందెలు, రెండు డక్కీలు, అంతే సామగ్రి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ కళను కొత్త కథలకు పనిముట్టు చేసుకున్నది. బెంగాలు కరువు, అల్లూరి సీతారామరాజు వంటి కథలు నాజర్‌గారి గొంతున ఊళ్లు తిరిగాయి. అప్పటి ప్రభుత్వం బుర్రకథను నిషేధించిందంటే ఆ మూడు వాయిద్యాలకు ఎంత బలం ఉన్నదో ఊహించుకోవచ్చు. తాడికొండ దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టిన ఆ పేదింటి పిల్లవాడికి 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశారు.

పెద్దాయన చిన్నతనంలో ఆ కథ విన్నారు. “పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడు బయలుదేరే ఘట్టం వచ్చేసరికి చాపలమీద పడుకున్న పిల్లలం లేచి కూర్చునేవాళ్లం. ఆ ఊపు ఈ పుస్తకంలో ఏదీ?” అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

అంతవరకూ ఒక్క మాటా మాట్లాడని మనిషి ఒకామె ఉన్నారు. ప్రైమరీ స్కూల్లో పంతులమ్మ. అయిదేళ్లుగా మాతో చదువుతున్నారు. ఒళ్లో ఉన్న పుస్తకానికి పిన్నిగారు వేసిన అట్టను మెల్లగా విప్పుతూ అన్నారు:

“మా తాత దూది ఏకేవాడండీ. ఏకే విల్లుకు నరాల తీగ ఉంటుంది. కొయ్యగూటంతో కొడితే ఝుమ్మని మోగేది. తీగమీద చెయ్యి పడటం మాకు కొత్తకాదు. నాజర్‌గారు తన పుస్తకానికి ‘పద్మశ్రీ’ అని పేరు పెట్టుకోవచ్చు. ‘బుర్రకథ’ అనీ పెట్టుకోవచ్చు. అవేవీ కాదని ఇది పెట్టుకున్నారు. ఆయన ధైర్యంగా పెట్టుకున్న పేరును మనం కాగితం కింద దాస్తే, తిట్టేవాళ్లమాటే నెగ్గినట్టు కదండీ?”

పిన్నిగారు నొచ్చుకున్నారు. “నీ మనసు కష్టపెట్టకూడదనే వేశానమ్మా” అన్నారు.

“తెలుసు పిన్నీ. అందుకే ఇన్నాళ్లూ నేనూ చెప్పలేదు.”

కాసేపు ఎవరం ఏమీ అనలేదు. తరువాత ఆమే చెప్పారు. ఆరో తరగతి చదువుతున్న వాళ్లబ్బాయి ఆ మాట ఎక్కడో ఆటలో పడి, ఇంటికి వచ్చి అర్థం అడిగాడట. “పెద్దయ్యాక చెప్తానన్నాను. ఇప్పుడు చెప్పగలననుకుంటాను. ఈ పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చా?”

పెద్దాయన పత్రిక కాగితాన్ని మడిచి పక్కన పెట్టారు. “గొంతు లేదన్నాను గానీ, బతుకున్నదమ్మా ఇందులో. వాడిచేత పైకి చదివించు” అన్నారు.

అప్పటినుంచి రెండు ఆదివారాలు గడిచాయి. పుస్తకం ఇంకా తిరిగి రాలేదు. ఎవరమూ అడగలేదు. ఆ అబ్బాయి పుస్తకం పేరు బయటికి కనిపించేలా పట్టుకుని బడికి పోతున్నాడని మాత్రం కుర్రవాడు చెప్పాడు.