పక్కింటి వైఫై కనిపిస్తుంది, మనది కనిపించదు

కంప్యూటర్ మొరాయిస్తే మన పెద్దవాళ్ళు ముందు తమనే అనుమానించుకుంటారు. "నేనేదో నొక్కేసినట్టున్నాన్రా" అని నాన్న ఫోన్లో అంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ డబ్బా మీద.

సంగతేంటంటే, మా అక్క డాలస్ నుంచి వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్ నాన్నకిచ్చి వెళ్ళింది. మనవరాలిని పెద్ద తెర మీద చూడాలని ఆయన కోరిక. మూడు వారాలు బాగానే నడిచింది. ఓ రోజు కరెంటు పోయి వచ్చాక జాబితాలోంచి మా ఇంటి వైఫై మాయం! పక్కింటిది కనిపిస్తోంది, ఎదురింటిది కనిపిస్తోంది, మాది తప్ప. ఫోన్లో మాత్రం మాది శుభ్రంగా వస్తోంది. తెనాలిలో రిపేరు షాపతను చూసి "ఇది అమెరికా మాల్ మాస్టారూ, ఇక్కడ సెట్ కాదు, కార్డు మార్చాలి" అని తేల్చేశాడట. "అక్కకి చెప్పకు, బాధపడుతుంది" అన్నారు నాన్న.

శనివారం ఇంటికెళ్ళి కూర్చున్నా. ఇలాంటప్పుడు మామూలుగా చూసేవి ఎయిర్‌ప్లేన్ మోడ్, పక్కనుండే స్విచ్చు, డ్రైవరు. కానీ పక్కింటి వైఫై వస్తోందంటే అవన్నీ బాగున్నట్టే కదా. ఇక మిగిలింది మా రౌటర్ ఏ చానెల్లో ఉందన్నదే. ఫోన్లో వైఫై ఎనలైజర్ ఆప్ వేసి చూస్తే దొంగ దొరికాడు: 13.

2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 1 నుంచి 13 దాకా చానెళ్ళు వాడుకోవచ్చు. అమెరికాలో అమ్మే పరికరాలు మామూలుగా 11 దగ్గరే ఆగిపోతాయి. 2483.5 మెగాహెర్ట్జ్ దాటితే వేరే సర్వీసుల జాగా, అటు సిగ్నల్ ఒలక్కూడదని అక్కడ కట్టుదిట్టం. కొన్ని కార్డుల్లో ఈ దేశం సంగతి లోపలే రాసేసి ఉంటుంది, విండోస్‌లో ఏం మార్చినా వినదు. కరెంటు వచ్చాక మా రౌటర్ 'ఆటో'లో ఖాళీగా ఉన్న చానెల్ వెతుక్కుని 13కి పోయింది. 192.168.1.1 తెరిచి, ఆటో తీసేసి 6 పెట్టాను. రెండు నిమిషాల పని.

షాపతను చెప్పింది సగం నిజమే, పాపం! నాకు మంట ఎక్కడంటే, 'నెట్‌వర్క్ లేదు' అనడానికీ 'నేను 11 దాకానే వెతికాను' అనడానికీ చాలా తేడా ఉంది. రెండోది ఒక్క వాక్యం. అది రాసి ఉంటే ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు తనకి బుర్ర లేదనుకుంటూ వారం రోజులు ఫోన్లో కళ్ళు చికిలించుకుని మనవరాలిని చూసేవాడు కాదు.

అన్నట్టు, పాత లాప్‌టాప్‌కి ఇంటి వైఫై కనబడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. కార్డు 2.4 మాత్రమే పట్టేదై, రౌటర్లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేసి ఉంటే చానెల్ ఎంత మార్చినా లాభం లేదు. రౌటర్లో 2.4 కూడా ఆన్ చెయ్యాలి, లేదంటే 5 పట్టే చిన్న యూఎస్‌బీ అడాప్టర్ కొని గుచ్చుకోవాలి.